దండెం కరుస్తాంది అత్తా

ఆ రోజుల్లో మా ధర్మవరం ఇళ్లల్లో కరెంటును చుట్టంలా చూసుకునేవాళ్లం. వస్తే సంతోషం, పోతే మళ్లీ ఎప్పుడొస్తుందని అడగకూడదు, ఉన్నంతసేపూ దాని గుణం గురించి చెడుగా మాట్లాడకూడదు. స్విచ్చు వేస్తే చిటపటమన్నా, గోడకు కొట్టిన చెక్కబద్ద మీద నల్లగా మసి పాకినా, మోటరు వేయగానే బల్బు ఎర్రబడి నీరసించినా అవన్నీ దాని అలవాట్లని సర్దుకుపోయేవాళ్లం. చలికాలం పొద్దున పూట వెచ్చటి స్విచ్‌బోర్డుకు చేతులు ఆనించి కాచుకున్న మనిషిని నేను. ఈవేళ బతికుండి మీకిది చెబుతున్నానంటే అందులో నా తెలివి ఏమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

మా ఇంటి వైరింగు మొత్తం నాయన చేతి చలవే. కరెంటు పనికి బయటి మనిషిని పిలవడమంటే ఆయనకు నామోషీ. నాయన పట్టుచీరలు నేసేవాడు. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువుపోగులు, అయిపోవస్తే కొత్త పడుగును పోగుకు పోగు అతకాలి. వేళ్లకు చిటికెడు బూడిద రాసుకుని, కొసకు కొస చేర్చి ఒక్క మెలి తిప్పాడంటే ఆ అతుకు మళ్లీ విడిపోయేది కాదు. వీధిలో ఆ పనికి ఎవరైనా నాయన పేరే చెప్పేవాళ్లు. పట్టుపోగును అతికిన చేతికి కరెంటు తీగ ఒక లెక్కా? మెయిన్ ఆపి, వేళ్లకు బూడిద రాసుకుని (కరెంటుకు కూడా ఆ మర్యాద జరిగేది), తీగకు తీగ మెలిపెట్టి, దాని మీద నల్లటేపుకు బదులు మగ్గం దగ్గర మిగిలిన పట్టుదారం తుక్కు బిగించి చుట్టేవాడు. "టేపుదేముండాదప్పా, మన ఎండకు జిగురు కారిపోయి ఊడొస్తాది. పట్టులోంచి కరెంటు పోదు, యాడికైనా పోయి అడుగు" అనేవాడు. అందులో నిజముందని తర్వాత కాలేజీలో నాకే తెలిసింది. పట్టు కరెంటును పోనివ్వదు. ఇక ఫీజు మాటిమాటికీ పోతోందని అందులోని సన్నతీగ పీకేసి మందపాటి తీగ బిగించిందీ ఆయనే. ఆ తర్వాత మా ఇంటి ఫీజు పోయిన పాపాన పోలేదు. తన వైరింగు ఎంత బాగుందో చెప్పడానికి నాయన దాన్నే సాక్ష్యంగా చూపించేవాడు.

అలాంటి ఇంటికి మా అన్న పెళ్లాంగా వదిన వచ్చింది. విడపనకల్లు పిల్ల, మాటల్లో అక్కడక్కడ కన్నడం దొర్లేది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఇంట్లో నాతో గుసగుసలాడడానికి ఒక మనిషి దొరికిందని నా సంతోషం ఇంతా అంతా కాదు. జడ వేస్తూ, మా అవ్వ తుమ్మితే ఎలా ఉంటుందో, అన్న అలిగితే మూతి ఏ వైపు తిరుగుతుందో చేసి చూపించేది. మామగారి అలికిడైతే చాలు, కొంగు సర్దుకుని బొమ్మలా నిలబడిపోయేది. కొత్త కోడలు మామతో నేరుగా మాట్లాడకూడదు, మామ ఎదుట చెప్పులేసుకుని తిరగకూడదు. మా పెరటి నిండా పల్లేరుకాయలు. నాయన టైరు చెప్పుల్లో, అవ్వ, అమ్మ, నేను హవాయి చెప్పుల్లో టపటపమని తిరుగుతుంటే, వదిన ఒట్టి కాళ్లతో ముళ్లు చూసుకుంటూ పోయి బట్టలు ఉతికి ఆరేసేది. అది మాకు ఎవరికీ వింతగా కనిపించలేదు.

ఒకరోజు ఆమె బట్టలు ఆరేస్తూ కెవ్వుమంది. అమ్మ పరుగెత్తింది, నేనూ పరుగెత్తాను. "దండెం కరుస్తాంది అత్తా" అంది వదిన, వేళ్లు ఒళ్లో దాచుకుని. మా దండెం ఇనపతీగ. ఒక కొస చింతకొమ్మకు, ఇంకో కొస స్నానాలగది చూరుకింది కొక్కేనికి కట్టి ఉండేది. దండెం కరవడమేమిటని అవ్వ ఒక పొరక పట్టుకుని వచ్చి, కొస నుంచి కొసకు తీగ మొత్తం దులిపింది. తేలు లేదు, జెర్రి లేదు. అయినా ఎందుకైనా మంచిదని అమ్మ వదిన వేళ్లకు సున్నం పట్టించింది. (కరెంటుకు సున్నం వైద్యం చేసిన ఇల్లు ఇంకెక్కడైనా ఉంటే నాకు చెప్పండి, చుట్టరికం కలుపుకుందాం.) నేనూ వెళ్లి తీగ పట్టుకుని ఊగి చూశాను. ఏమీ కాలేదు. ఎవరు పట్టుకున్నా ఏమీ కాలేదు.

తర్వాత కూడా దండెం కరుస్తూనే ఉంది, వదినను మాత్రమే. ఒక్కోరోజు ఊరుకునేది, ఒక్కోరోజు జుమ్మనేది. దానితో అవ్వ తీర్పు చెప్పేసింది. "ఇంట్లో ఇంతమందిని కరవని దండెం దీన్నే కరుస్తాదంటే, అది దండెం రోగం కాదు, పని రోగం." ఆ మాట వీధి దాటింది. నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడ్డవాళ్లు సైతం "మీ దండెం ఈపొద్దు ఎవురినన్నా కరిసిందా పాపా" అని నన్ను అడిగేవాళ్లు. వదిన నవ్వడం మానేసింది. ఆషాఢానికి పుట్టింటికి పంపే రోజు దగ్గరపడింది. జడ వేస్తూ వేస్తూ ఆగి, "పోతే నేను మళ్లీ రాను పాపా. దొంగదానన్నా అనిపించుకుంటా గానీ పనిదొంగననిపించుకోను" అంది. నాకు ఏడుపొచ్చింది. దండెంలో కరెంటుందేమోనని వదిన అనుమానం అన్నకు చెప్తే "నాయనతో ఎవురు మాట్లాడతారు" అని మూతి తిప్పుకున్నాడు, వదిన చూపించిన వైపుకే.

వదిన వాళ్ల నాయన ఆమెను పిలుచుకుపోవడానికి వచ్చిన రోజది. వసారాలో మంచం వాల్చి కూర్చోబెట్టాం. వదిన చివరిసారిగా బట్టలు ఉతికి తెచ్చింది. మొదట వేసిందే మా నాయన తెల్లపంచె. తడిచేయి తీగకు తగిలిందో లేదో కెవ్వుమని వెనక్కి పడింది. పంచె బురదలో, బకెట్టు ఒకవైపు. వాళ్ల నాయన మంచం మీద నుంచి లేచాడు. అవ్వ ఊరుకుంటే బాగుండేది. "పుట్టినింటికి పోయే దినం గూడా ఏసాలే" అంది. మా నాయనకు వియ్యంకుడి ముందు తల కొట్టేసినట్టయింది. టైరు చెప్పులు కిర్రుకిర్రుమనిపిస్తూ పోయి, పెళ్లిలో చేయి పట్టుకున్నట్టు తీగను గట్టిగా పట్టుకున్నాడు.

"సూడు బావా, ఏమన్నా అయితాండాదా? నా చేత్తో నేను అతికిన కరెంటు. మనుసుల్ని కరవదు."

వదిన మోచేతి బురద తుడుచుకుంటూ లేచింది. ఆ ఇంటికి వచ్చాక ఆమె నాయనతో మొదటిసారి మాట్లాడింది అప్పుడే.

"మామా, చెప్పులిడిసి పట్టుకోండి."

అవ్వ నోట్లో వక్క అలాగే ఉండిపోయింది. నాయన చెప్పుల వంక చూసుకున్నాడు, కోడలి ఒట్టి కాళ్ల వంక చూశాడు. తర్వాత మా అందరి కాళ్లూ చూశాడు. "గట్టిగా పట్టుకోవద్దండి. చెయ్యి ఎనకపక్క ఊరికే తాకిచ్చండి, సాలు" అంది వదిన. నాయన చెప్పులు విడిచి ఆ తడినేల మీద నిలబడి వేలి వెనకవైపు తాకించాడు. (మీరెవరూ ఈ పని చేయకండి. ఇంత టెస్టర్ ఒకటి ఇంట్లో పడేసుకోండి. నాయన అదృష్టం బాగుండి బయటపడ్డాడు.) గంతు వేసి చింతమానుకు ఆనుకున్నాడు. వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"కరుస్తాంది."

మెయిన్ ఆపి, స్టూలు వేసుకుని చూరు కింద చూశాడు. స్నానాలగది బల్బుకు పోయే తీగలో ఆయన అతుకు ఉంది, సరిగ్గా కొక్కేనికి ఒరుసుకుంటూ. అతుకు విడిపోలేదు. అంత గట్టి అతుకు ఏ కరెంటాయనా వేయలేడు. పైన చుట్టిన పట్టు కూడా చెక్కుచెదరలేదు. ఎండపొడలో అది తళుక్కుమంది. నాయన దాన్ని విప్పుతూ విప్పుతూ ఆగిపోయాడు. చీర ఒంటిలోని పట్టు కాదది. అతుకు వేసిన రోజు ఆయన చేతికందింది అంచు తుక్కు. దాని నిండా వెండితీగ చుట్టిన జరీ. పట్టులోంచి కరెంటు పోకపోవచ్చు, జరీలోంచి మాత్రం పెళ్లికూతురి నడకలా ఒయ్యారంగా పోయి కొక్కెం ఎక్కి, దండెం మీదికొచ్చి, ఇంట్లో చెప్పుల్లేని ఒకే ఒక్క మనిషి కోసం కాచుకుని కూర్చుంది.

"మర్యాదకు చెప్పులిడిసిన పిల్లనే కరిసింది సూడప్పా" అన్నాడు నాయన, ఎవరితోనో తెలియనట్టు.

ఆ మధ్యాహ్నమే బయటి మనిషి మా వైరింగు మీద చేయి వేశాడు. కుళ్లిన తీగలు మార్చి, ఫీజులో ఉండాల్సిన సన్నతీగ వేసి, ఇనప దండెం తీయించి నైలాను తాడు కట్టించి పోయాడు. నాయన పక్కనే నిలబడి చూశాడు. వదిన బయలుదేరేటప్పుడు బజారు నుంచి కొత్త హవాయి చెప్పులు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "వచ్చినాక పెరట్లో ఇవేసుకో. పల్లేరుకాయలుండాయి" అన్నాడు. తప్పయిందని ఆయన నోట రాలేదు, వస్తుందని మేమూ అనుకోలేదు. "కోడలు మామ ముందర చెప్పులేసుకుంటాదా?" అని అవ్వ గొణిగితే, "లేకుంటే నా ముందర సచ్చిపొమ్మంటావా?" అన్నాడు. వదిన ఆషాఢం నిండకముందే తిరిగొచ్చింది. అడిగితే విడపనకల్లులో ఉక్కపోతగా ఉందంది. (ధర్మవరంలో మంచు కురుస్తున్నట్టు.)

ఆ తర్వాత నాయనకు ఒక అలవాటు పట్టుకుంది. వదిన ఏదైనా కాదంటే, ముందు కోపంగా చూసేవాడు, తర్వాత నిదానంగా టైరు చెప్పులు విడిచి పక్కన పెట్టి, "చెప్పులిడిసినా. ఇంగ చెప్పమ్మా" అనేవాడు. మేమంతా నవ్వేవాళ్లం, ఆయన కూడా నవ్వేవాడు. కానీ చెప్పులు విడిచాక మాత్రం పూర్తిగా వినేవాడు. మగ్గం అమ్మేద్దామన్నప్పుడూ, నన్ను డిగ్రీకి అనంతపురం పంపాలన్నప్పుడూ అలాగే విన్నాడు. నేనీరోజు ఇలా నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ విడిచిన చెప్పుల చలవే. నాయన పోయిన రోజు వసారా మెట్టు పక్కన ఆ టైరు చెప్పులు చూసి అందరికంటే ఎక్కువ ఏడ్చింది వదినే.

మొన్న వంటింట్లో నా కూతురు "ఫ్రిజ్జు ముట్టుకుంటే జుమ్మంటోందమ్మా" అంది. నేను తలుపు పట్టుకుని చూశాను, ఏమీ లేదు. "నీదంతా అనుమానం. పని తప్పించుకోడానికి నీకేదో ఒకటి కావాల" అన్నాను. అన్నాక ఆ గొంతు ఎక్కడో విన్నట్టనిపించింది. అవ్వదే. వక్క ఒక్కటే తక్కువ. కిందికి చూసుకుంటే నా కాళ్లకు రబ్బరు చెప్పులు, కూతురి కాళ్లు ఒట్టివి, తడివి. నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. గోడ దగ్గరికి పోయి మెయిన్ ఆపాను. తర్వాత చెప్పులు విడిచి పక్కన పెట్టి, కూతురి ఎదురుగా కూర్చున్నాను.

"ఇంగ చెప్పమ్మా" అన్నాను.