పాత జాబితాలో నేను ఎక్కడున్నానంటే

ఇంత చిన్న సంగతి రాయడమెందుకని ఊరుకోబోయాను గానీ, కృతజ్ఞత ఊరుకోనివ్వలేదు.

పొద్దున ఓటర్ల జాబితా సవరణకని అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చింది. ఇరవయ్యేళ్లకు పైబడిన పాత జాబితాలో నా పేరు చూపించాలట. "మాది నెల్లిమర్ల నియోజకవర్గం" అని ఠీవిగా చెప్పాను. ఫోనులో ఎంత వెతికినా నేను లేను. ఓటు పోతుందేమోనని మళ్లీ మళ్లీ వెతికించాను.

గుమ్మంలో చేపలమ్మే పైడమ్మ నవ్వింది. "ఏటి బావా, అప్పటికి నెల్లిమర్ల సీటు పుట్టనేదు కదా! మనం భోగాపురానికి ఓటేసీవోలం. ఆ లిస్టు సూడమ్మా!"

చూస్తే ఉన్నాను, మా ఆవిడ పేరు పక్కనే. భోగాపురానికి విమానాశ్రయమొచ్చింది గానీ సీటు పోయిందని, హద్దులు మార్చి మనల్ని నెల్లిమర్లలో కలిపారని ఊరందరికీ పాఠం చెప్పేది నేనే! నా ఓటు నిలబెట్టింది మాత్రం పైడమ్మ. మీ ఊరి పాత నియోజకవర్గం మీకు గుర్తుందా?

టీచరమ్మ నా సంతకం తీసుకుని పక్కింటి తలుపు కొట్టింది.