షెడ్డులో పదహారు డిగ్రీలు

బత్తలపల్లె దగ్గర మా ఊళ్ళో, పక్కింటి నారాయణమ్మ పట్టుపురుగులు పెంచుతుంది. పోయిన వానాకాలంలో షెడ్డులోని థర్మామీటర్ పగిలిపోతే కొత్తది తెచ్చుకుంది. అది ఫారన్‌హీట్‌లో ఎనభై ఆరు చూపించింది. పట్టుపరిశ్రమ ఆఫీసరు ఉండాలన్నదేమో సెల్సియస్‌లో ఇరవై అయిదు. బీయస్సీ చదివినదాన్ని కదా అని నన్ను పిలిచింది.

నిలబడ్డచోటే నోటిలెక్క కట్టాను. "పదహారే ఉండాది. పురుగులు చలికి సస్తాంటే చూస్తా నిలబడినావా? కుంపట్లు పెట్టు" అన్నాను.

"నాకు చెమట పడతాండాది కదక్కా. పదారెట్లయితాది?"

"నీ చెమట యా కాలేజీలో చదివిందే?"

నారాయణమ్మ రెండు కుంపట్లు రాజేసి తలుపులు మూసింది. సాయంత్రానికి పురుగులు ఆకు ముట్టడం మానేశాయి. మర్నాటికి సగం తట్టల్లో పురుగులు చచ్చిపోయాయి.

అప్పుడు కాగితం తీశాను. ముందు ముప్పై రెండు తీసేసి, ఆ తర్వాత అయిదుతో గుణించి తొమ్మిదితో భాగించాలి. నేను ఆ ముప్పై రెండును చివర్లో తీసేశాను. షెడ్డులో అప్పటికే ముప్పై డిగ్రీలుంది.

తప్పు నాదేనని నారాయణమ్మకు చెప్పాను. ఆమె మాత్రం అడిగినవాళ్ళందరికీ, "ఏదో తెగులు తగిలిందప్పా" అని చెప్పుకుంది. పక్కనే ఉన్నాను. ఊరందరితో వాదించేదాన్ని, ఆ రోజు తట్టలు కడుగుతూ కూర్చున్నాను.

మళ్ళీ పురుగుల పంటకూ, "ఎంతుండాదో చూడక్కా" అని నన్నే పిలిచింది. అంకె చూడకముందే అడిగాను.

"నీకెట్లుండాదే, చెమట పడతాండాదా?"