గుర్రం తాగిన సీసా

మా ఆయన్ని ఫైర్ స్టేషన్లో అందరూ గుర్రం అంటారు. నీళ్ల పైపు భుజాన వేసుకుని మెట్లెక్కితే కుర్రాళ్లు కూడా ఆయన వెనకే. మాటలు బొత్తిగా తక్కువ. ఇంటికొచ్చి, కుళాయి దగ్గర మసి కడుక్కుని, పళ్లెం ముందు కూచుని, "ఇవాళ ఎవరూ పోలేదే" అన్నారంటే ఆ రోజు బాగా గడిచినట్టే. పొగ కంపు కొట్టే ఆ మసి చొక్కా ఉతుకుతూ నేను తిట్టని తిట్టు లేదు. ఆయనకి అది రేడియో.

ఏటా వాళ్లకో పరీక్ష ఉంటుంది. పైపు మోసుకుంటూ శిక్షణ టవరు పైకి టైములోగా చేరాలి. చేరకపోతే ఫైరింజన్ బండి మీంచి దింపేసి, మళ్లీ ఏడాది దాకా ఫోన్ల దగ్గర కూర్చోబెడతారు. ఈ ఏడు మోకాళ్లు పట్టేస్తున్నాయని ఆయనకి లోలోపల భయం. దాన్ని పసిగట్టింది పరాయివాడు కాదు, నా సొంత తమ్ముడు! నా ఒళ్లు మండేది అక్కడే.

వాడు జిమ్ము నడుపుతాడు. కండలున్నంత బుర్ర లేదు. "బావా, ఇది కీటోన్ డ్రింకు. ఉపవాసముంటే ఒళ్లు కొవ్వు కరిగించి తయారుచేసుకునే సరుకే ఇది. నేరుగా తాగేశావనుకో, ఆయాసమే రాదు. పరీక్ష రోజు పొద్దున తిండి మానేయ్," అన్నాడు.

"ఎవడు చెప్పాడ్రా నీకు?" అన్నాను.

"సీసా మీద రాసుందక్కా!"

సీసాల మీద రాసినవన్నీ నిజమైతే, నేను రాసుకునే తలనూనెకి ఈపాటికి నా జుట్టు మోకాళ్లు దాటాలి. ఆ మాటే అంటే ఇద్దరూ నవ్వారు. పరీక్ష రోజు పొద్దున అన్నం, ఉడికిన గుడ్లు పెడితే ఆయన పళ్లెం పక్కకి నెట్టేశారు. ఇన్నేళ్లూ ఆ టవరెక్కించింది ఆ పళ్లెం కాదూ?

కొంచెం కొంచెంగా తాగాలని తమ్ముడు చెప్పనే చెప్పాడట. స్టేషన్ వాళ్లకి కొంచెం కొంచెం అంటే ఏం తెలుసు? గంట మోగితే చేతిలో టీ ఉన్నా, నీళ్లున్నా, ఒక్క గుక్కలో లాగించి బండెక్కడమే. ఆయన సీసా మూత తీసీ తియ్యగానే, పరీక్ష పెట్టే ఆఫీసరు ఈల వేశాడు. అంతే, సీసా మొత్తం గొంతులో పోసుకుని పరుగందుకున్నారు.

సగం దూరం గుర్రమే. ఆ పైన కడుపులో తిప్పేసి, మెట్ల మీదే కూలబడి వాంతి చేసుకున్నారు. పైపు మాత్రం భుజం మీంచి దింపలేదని బండి డ్రైవరు కళ్లు తుడుచుకుంటూ చెప్పాడు.

స్టేషన్ డాక్టరమ్మని నిలదీశాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద ఇలాంటివి చాలాసార్లు పరీక్షించి చూశారట. పరుగు పెరుగుతుందని గట్టిగా తేలలేదట, కొందరికి తగ్గింది కూడానట. కడుపులో తిప్పడం మాత్రం చాలామందికి ఉన్నదేనట. "మెల్లగా తాగినా ఒరిగేదేమీ ఉండేది కాదమ్మా," అంది. మరి ఈ ముక్క సీసా మీద రాయడానికి వాళ్లకి చేతులు పడిపోయాయా?

ఆయన్ని ఫోన్ల దగ్గర కూర్చోబెట్టిన మొదటి రోజే బట్టల గోదాము అంటుకుంది. ఫోనెత్తింది మా ఆయనే, బండి పంపిందీ ఆయనే. "బండి కదుల్తుంటే లేచి నిలబడ్డానే," అన్నారు ఇంటికొచ్చి. అలవాటుగా కుళాయి దగ్గరికెళ్లి, చేతులు చూసుకుని, తిరిగొచ్చేశారు.

సరిగ్గా అప్పుడే దిగాడు తమ్ముడు, చేతిలో ఇంకో సీసా. "డోసు తేడా కొట్టింది బావా, అంతే. ఇది చాక్లెట్ రుచి..."

ఆయన విప్పిన చొక్కా తీసి వాడి మొహాన కొట్టాను. "వాసన చూడరా!"

బిత్తరపోయి చూశాడు. "ఏ వాసనా రావట్లేదక్కా."

"రాదురా! ఇంక ఏడాది దాకా రాదు. పో అవతలికి!"

లోపల ఆయన పళ్లెం ముందు కూచున్నారు. ఎవరైనా పోయారా అని అడిగాను.

"తెలీదే," అన్నారు. "నేను బయల్దేరేసరికి బండి ఇంకా తిరిగి రాలేదు."