వరుసలో కూర్చోని పిల్ల

మా మనవరాలికి ఈ మధ్య టర్కీ సీరియళ్ల పిచ్చి పట్టింది. ఫోను ముందు పెట్టుకుని వాళ్ల మాటలు పలుకుతూ కూర్చుంటుంది. మొన్న సాయంత్రం నా దగ్గరికొచ్చి, "తాతా, వాళ్లు తండ్రి లేని పిల్లల్ని యెతిమ్ అంటరట, తల్లి లేని పిల్లల్ని ఒక్సూజ్ అంటరట. మనం ఏమంటం?" అని అడిగింది. అనాథ అన్నాను. "రెంటికీ అదొక్కటేనా?" అని, తప్పంతా నాదే అన్నట్టు చూసి వెళ్లిపోయింది. ఆ రెండో మాటను నేను మెట్‌పల్లిలోనే విన్నానని ఆమెకు చెప్పలేదు. చెబితే మిగతాది కూడా చెప్పాల్సి వస్తుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను మెట్‌పల్లి బడిలో పంతులుగా చేరాను. మేము అద్దెకున్న ఇంటిని ఆనుకుని ఒక ముసలామె ఉండేది. వాడంతా ఆమెను ఖాలా అని, అంటే పిన్ని అని, పిలిచేవారు. వయసులో ఉన్నప్పుడు హైదరాబాదులో ఒక నవాబుగారి పెద్ద దేవిడీలో, టర్కీ నుంచి కోడలిగా వచ్చిన దొరసానికి బట్టలు కుట్టిందట. నైజాం రాజ్యం పోయి, భర్త కూడా పోయాక కుట్టుమిషనుతో పుట్టిన ఊరికి వచ్చేసింది. ఆ దొరసాని దగ్గర నేర్చుకున్న పాలు లేని చాయ్ ఒకసారి మాకూ పోసింది. నా భార్య దాన్ని మర్యాదగా తాగి, ఇంటికొచ్చాక కషాయమని నవ్వింది.

ఖాలా దగ్గర ఆరేడేళ్ల పిల్ల ఉండేది. నుదుట పచ్చబొట్టు, నోట అచ్చమైన మన తెలుగు. మా బడికే వచ్చేది. ఎవరి బిడ్డ అని అడిగితే, "బొగ్గుబాయి కాడ మా చెల్లె పక్కింటోళ్ల బిడ్డ. తల్లి సచ్చిపోయింది" అనేది. తండ్రి సంగతి అడిగితే దారం పంటితో కొరికి మిషను తొక్కడం మొదలుపెట్టేది. ఇది మా ఎదురింటి కిరాణం మామకు బొత్తిగా నచ్చలేదు. "పంతులూ, ముసల్ది దేవిడీల పనిచేసింది గదా. గా పోరిని ఏ నవాబు ఇంటికో పనికి పంపేటందుకు సాదుతుంది. నా మాట అబద్ధమైతే మీసం తీస్త" అన్నాడు. ఆయనకు మీసం లేదు. అయినా నేను నమ్మాను.

నమ్మాక నాకు అన్నీ కనబడసాగాయి. నెలకోసారి ఖాలా రొట్టెలు మూట కట్టుకుని, పిల్లను వెంటేసుకుని మొదటి బస్సుకు పోయేది. సాయంత్రం తిరిగొచ్చి, గడప తొక్కకముందే ఇద్దరూ బావి దగ్గర తలస్నానం చేసేవారు. కట్టుకున్న బట్టలను కుండలో వేసి ఉడకబెట్టేది. ఎక్కడికి పోయొచ్చినవు ఖాలా అంటే, "చుట్టాలింటికి బేటా" అనేది. చుట్టాలింటికి పోయొచ్చి బట్టలు ఉడకబెట్టే మనిషిని నేను చూడలేదు. ఏ దొంగపనో దాస్తోందని అనుకున్నాను. ఒక పిల్లను కాపాడుతున్నానన్న ఊహ నాకు చాలా తృప్తిగా ఉండేది.

ఏటా తన భర్త పోయిన రోజున ఖాలా బగారా అన్నం, దాల్చా వండి వాడలోని తండ్రి లేని పిల్లలకు పెట్టేది. ఏ కులమని, ఏ మతమని చూసేది కాదు. వరుసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి తల నిమిరి వడ్డించేది. ఆ ఏడు నన్నూ రమ్మంది. పోయి చూస్తే, పిల్లలంతా విస్తర్ల ముందున్నారు, ఈ పిల్ల మాత్రం చెంబుతో నీళ్లు పోస్తూ తిరుగుతోంది. ఇంకేం, నాకు సాక్ష్యం దొరికింది.

"ఖాలా, గా పిల్లను గూడ కూసోబెట్టు. అనాథ పిల్ల కాదా? పనిమనిషా?" అన్నాను, వాకిళ్లలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా.

ఆమె గరిటె పట్టుకుని నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "యతీం అంటే బాపు లేని పిల్ల, బేటా. అవ్వ లేని పిల్లకు మా దొరసాని బాసల వేరే మాటుండె, ఒక్సూజ్ అని. గీ పిల్ల గసొంటిది. బాపు బతికుండంగ గీ వరుసల కూసోబెడితే ఆయన సావు కోరినట్టే గదా. జర ఊకో, నీకు దండం పెడ్త."

నేను అక్కడ ఆగవలసింది. కిరాణం మామ గడపలోంచి, "బతికున్నోడు బిడ్డను సూడ ఒక్కపారన్న రాలే. ఏడున్నడట?" అన్నాడు. నేను వంగి, బడిలో పాఠం అడిగే గొంతుతో ఆ పిల్లనే అడిగాను. అది చెంబు కింద పెట్టి, చేతులు కట్టుకుని చెప్పింది.

"దవాఖానల ఉన్నడు సార్. చేతివేళ్లు వంకర పోయినయి. నన్ను దగ్గరికి రానియ్యడు, దూరంకెల్లి మాట్లాడతడు."

పెద్దరోగమనీ, కుష్ఠు అనీ ఎవరూ పైకి అనలేదు. తల్లులు వచ్చి పిల్లలను చేతులు కూడా కడగనీయకుండా లేపుకుపోయారు. పిల్ల ఇంకా చేతులు కట్టుకునే నిలబడి ఉంది. సరిగ్గా చెప్పానా అన్నట్టు నావైపు చూసింది.

మర్నాటి నుంచి బడిలో దాని పక్కన ఎవరూ కూర్చోలేదు. పిల్లల తండ్రులు వచ్చి గొడవపడ్డారు. నేను దానికి తలుపు దగ్గర వేరే చాప వేయించాను. అక్కడ గాలి బాగా వస్తుందని చెప్పాను. ఖాలా దగ్గర బట్టలు కుట్టించుకునేవారు లేకుండా పోయారు. కొన్నాళ్లకు ఆమె కుట్టుమిషను ఎడ్లబండిలో వేయించింది. బండి కదిలే చప్పుడు విని, పిల్ల కంటబడతానేమోనని నేను తలుపు వెనకే నిలబడ్డాను.

నాకు ఆ ఊరి నుంచి బదిలీ అయ్యే ముందు ఒకతను మా వాకిట్లోకి వచ్చాడు. రోగం నయమైందని డాక్టర్లు పంపించేశారట. "నా బిడ్డ గీ వాడల ఉంటదన్నరు సార్. శానా రోజుల సంది ముసలామె తోలుకొస్తలేదు." కొత్తగా చేరిన చోట కూడా ఈ సంగతి తెలియకూడదనే ఖాలా ఆ బస్సు ఎక్కడమే మానేసిందని నాకు అప్పుడు అర్థమైంది. నా భార్య మంచినీళ్లు తెచ్చింది. అతను గ్లాసు అందుకోకుండా, అలవాటు కొద్దీ వంగి దోసిలి పట్టాడు. ఆ వేళ్ల సందుల్లోంచి సగం నీళ్లు కారిపోయాయి.

వాళ్లు ఎడ్లబండి కట్టించుకుని ఊరు విడిచిపోయారని చెప్పాను. మూతి తుడుచుకుని, "పోనీ, బండి ఎటు మళ్లింది సార్? మెట్‌పల్లి దాటితే తొవ్వలు శానా ఉంటయి" అన్నాడు.

తలుపు వెనక ఉన్నవాణ్ని, బండి ఎటు మళ్లిందో నేను చూడలేదు. అక్కడ నిలబడింది కాసేపే. ఆ తర్వాత నాకు దొరికిన ఇన్నేళ్లూ ఆ కాసేపటిని దిద్దుకోవడానికి సరిపోలేదు.