తాయిస్తో వినికిడి

ఇంజను ముందు నిలబడితే తాయిస్తో కళ్ళు మూసుకుంటాడు. స్క్రూడ్రైవరు కొసను ఇనుముకి ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని, మంచు కింద పారే ఏటిని వింటున్నవాడిలా తల వాలుస్తాడు. ఫిన్లాండులో, కుయోపియో ఊరి శివార్లలోని ఆ వీధిలో ఏ పాత కారు దగ్గినా అతని దగ్గరికే రావాలి. కాఫీ చేతికి అందేదాకా రోగం పేరు చెప్పడు.

ఆ జనవరి ఉదయం వీధి చివరి ఇంటి హెల్వీ తన ముసలి కారుని తెచ్చి అతని గుమ్మం ముందు ఆపింది. "కదిలితే చాలు, టకటకా కొట్టుకుంటోంది. ఇది పోతే నా ఉద్యోగమూ పోయినట్టే. నేను వెళ్ళే దారిలో బస్సు లేదు," అంది.

తాయిస్తో చాలాసేపు విన్నాడు. ఆగిన కారులో ఇంజను మెత్తగా తిరుగుతోంది, టకటక లేదు.

"నన్ను చూసి దాక్కుంది," అన్నాడు. కాఫీ తాగి తీర్పు చెప్పాడు. "బేరింగు పోయింది. పాత ఇనుముకి ఇచ్చెయ్, హెల్వీ."

హెల్వీ కారు మీద చెయ్యి వేసి తల దించుకుంది. అలా నేల చూస్తూ, "కాస్త నీ కాలు తియ్యి," అంది.

చలికి ఇంజను గడ్డకట్టకుండా రాత్రంతా కరెంటుకి తగిలించి ఉంచే తీగ కారు ముందునుంచి వేలాడుతూ అతని బూటు కింద ఉంది. పొద్దున దాన్ని తీయడం మరిచి, దాని ప్లగ్గు నేలకి కొట్టుకుంటుంటే ఆమె వీధంతా ఈడ్చుకొచ్చింది.

"ఇదా నీ బేరింగు?" అంటూ తీగ చుట్టి లోపల పడేసి, హెల్వీ బండి కదిలించింది. కారు మంచు మీద నిశ్శబ్దంగా జారిపోయింది.

"చప్పుడు ఆగిందంటే ముదిరిందన్నమాట," అని వెనకనుంచి కేకేశాడు తాయిస్తో.