కారుకు నునుపు పట్టిన అంకాలమ్మ

బెంగుళూరు కారు ఇంటికి వచ్చిన రోజు అంకాలమ్మ చీర కొంగు దాని తలుపులో ఇరుక్కుంది. ఆమె ముచ్చటకు ఒకసారి ఎక్కి దిగింది, తలుపు వేసింది, కొంగు లోపలే ఉండిపోయింది. కారును నీడకు పెడదామని అల్లుడు గోపి మెల్లగా వెనక్కి పోనిచ్చాడు. అల్లుణ్ణి కేకేసి ఆపడం మర్యాద కాదు కాబట్టి అంకాలమ్మ కారు పక్కనే నడిచింది. అది మలుపు తిరిగితే తనూ తిరిగింది. ఆమె కారును సాగనంపుతోందో, ఎదురెళ్లి తోడ్కొని వస్తోందో వీధిలో వాళ్లకు అర్థం కాలేదు. బండి గోడవార ఆగాక కొంగు విడిపించుకుని, "మా అల్లుడు బాగా తోల్తాడు" అంది.

మనిషే అంత. తన వల్ల ఎవరికీ ఇబ్బంది కలగకూడదు. చేయాల్సిందేదో అడక్కుండా, చెప్పకుండా చేసేయాలి.

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ఆమె పని నునుపు పట్టడం. రాయిని పలకగా కోశాక, దాని మీద గీతా గరుకూ లేకుండా రుద్దాలి. అరచేత్తో నిమిరితే ఎక్కడా తగలకూడదు. పెళ్లి కాకముందు పట్టిన పని. ఆ అలవాటు చేతికి అంటుకుపోయి, బస్సెక్కితే సీటును, చుట్టాలింటికి పోతే గోడను, మనవరాలు నిద్రపోతుంటే దాని బుగ్గను అట్లాగే నిమిరి చూసేది. బుగ్గ తప్ప మిగతావేవీ ఆమె లెక్కలో నున్నగా ఉండేవి కావు.

గోపి బెంగుళూరులో ట్యాక్సీ తోలేవాడు. భార్య సునీత, బిడ్డ ఇక్కడ అంకాలమ్మ దగ్గర. ఎప్పుడో వచ్చి, బట్టలు ఉతికించుకుని పోయే మొగుడు. కారు తన సొంతం కాగానే అక్కడి గది ఖాళీ చేసి వచ్చేశాడు. దానికి ఆంధ్రా నెంబరు పడితే బస్టాండు దగ్గర పెట్టుకుని, త్రిపురాంతకం గుడికీ శ్రీశైలానికీ కిరాయిలు తోలుకుంటూ పెళ్లాం బిడ్డలతో ఉంటాడు. పడకపోతే మళ్లీ బెంగుళూరే, ఇంకొకరి కారే. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అంకాలమ్మకు ఇంకాస్త ఎక్కువ తెలుసు, రాత్రిళ్లు కూతురి ఫోన్ మాటలు వినపడే గది ఆమెదే గనక.

ఆర్టీవో ఆఫీసు ఏజెంటు శ్యాంసన్ వచ్చి అరుగు మీద కూర్చుని టీ తాగాడు.

"కర్ణాటకోళ్ల నో అబ్జెక్షన్ వచ్చేసినాది గదన్నా. ఇంక బ్రేకు ఇన్‌స్పెక్టరు చూడాల, అంతే. ఆడ, చాసిస్ నెంబరు కాడ, సారు పెన్సిల్ పెడతాడు. తుప్పు, గరుకు ఉంటే ఆయనకు మండుతాది. నీట్‌గా పెట్టుకో."

గోపి బానెట్ ఎత్తి, ఆ చోటు గుర్తుండేలా బలపంతో చుట్టూ గీసుకున్నాడు. తర్వాత టైర్లు చూసుకురావడానికి పొదిలి పోయాడు.

అంకాలమ్మకు విషయం తేటగా అర్థమైంది. పెన్సిల్ పెట్టేది రాయడానికి కాకపోతే దేనికి? కర్ణాటక నెంబరు పోయి మన నెంబరు రావాలంటే పాతది చెరపాలి, కొత్తది రాయాలి. పలకైనా అంతే కదా. పైగా ఆ చోట ఇనుము చూస్తే తుప్పు, గుంతలు, గీతలు. దాని మీద ఏ సారు మాత్రం ఏం రాస్తాడు?

ఫ్యాక్టరీలో అంచులు నున్నగా చేసే చేతి మెషిను అడిగి తెచ్చుకుంది. ఆ మధ్యాహ్నమంతా చేసింది. చివర గరుకు కాగితంతో రుద్ది, నిమిరి చూసింది. చేయి జారిపోయింది. తృప్తిగా బానెట్ మూసి, అల్లుడికి ఇష్టమని చింతచిగురు పప్పు చేసింది.

మర్నాడు తన పని ఎట్లా కుదిరిందో చూద్దామని తనూ కారెక్కింది. కొంగు జాగ్రత్తగా లోపలికి లాక్కుంది.

ఇన్‌స్పెక్టరు ఇనుములో కొట్టిన నెంబరు అచ్చు దిగాలని కాగితం పెట్టి పెన్సిల్ రుద్దాడు. కాగితం మీద నలుపు తప్ప ఏమీ పడలేదు. మళ్లీ రుద్దాడు.

"ఏదయ్యా నెంబరు?"

గోపి వంగి చూశాడు. వంగినవాడు లేవలేదు.

"అద్దం మాదిరి ఉండాదే!" అన్నాడు ఇన్‌స్పెక్టరు, వేలితో తడిమి.

అంకాలమ్మ సిగ్గుపడుతూ ముందుకొచ్చింది. "బాగుండాదా సార్? ఇంక మీరు రాసుకోవచ్చు."

ఇన్‌స్పెక్టరుకు కోపం రాలేదు. గోపిని భయపెట్టింది అదే. "నెంబరు చెరిపేసిన బండి దొంగబండి కిందనే లెక్కమ్మా" అని మాత్రం అన్నాడు, పెద్దామెతో మాట్లాడినట్టే.

అక్కడి నుంచి మొదలైంది. బెంగుళూరు ఆఫీసు వాళ్లు, ఒకసారి పంపేసిన బండి మాది కాదన్నారు. ఇక్కడి వాళ్లు, ఇంకా మాది కాలేదన్నారు. పోలీసులు ఏ ఊరి కేసని అడిగారు. శ్యాంసన్ మొదట ఫోన్ ఎత్తి "చూస్తాండా అన్నా" అనేవాడు, తర్వాత ఎత్తడం మానేశాడు.

"ఒక్క మాట అడిగుంటే నీ నోరు అరిగిపోయేదా మా?" అని సునీత ఏడ్చింది. అంకాలమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. ఫ్యాక్టరీలో ఆ వారం ఆమె పలకలు రెండోసారి రుద్దాల్సి వచ్చింది.

గోపి మాత్రం బ్యాగు సర్దుకుని, "పర్లేదులే అత్తా. నా మంచికే జేసినావు" అన్నాడు. తిట్టి ఉంటే ఆమె ఆ పూట అన్నం తినేది.

బెంగుళూరు బస్సు కదిలింది. అంకాలమ్మ దాని పక్కనే కొంతదూరం నడిచింది. ఈసారి కొంగు దేనికీ ఇరుక్కోలేదు.

కారు గోడవారనే ఉండిపోయింది. టైర్లు నేలకు అతుక్కున్నాయి. కోళ్లు దాని కింద గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. మిరపకాయలు కోతకొచ్చాక ఎదురింటి కృష్ణవేణమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది.

"ఏంది అంకాలమ్మా, నేను ఏటేటా కాయలు ఎండబోసుకునే జాగా అది! ఈ కారుని ఎప్పుడు తీస్తారు మీరు?"

అంకాలమ్మ కారు పైకప్పును అరచేత్తో ఒకసారి నిమిరింది.

"దీని మీదనే ఎండబోసుకో వదినా, ఇది ఇంక యాడికీ పోదు."