మూడో చరణం మార్చనన్నాను

నేను పాడిన ఒకే ఒక్క గ్రామఫోను ప్లేటు మా ఇంట్లో గొడవతో మొదలైంది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. శ్రీకాకుళంలో ఆడపిల్లల బడిలో సంగీతం టీచరుగా చేస్తూ, శనివారాలు బస్సెక్కి విజయనగరం ఇంటికి వచ్చేదాన్ని. నాన్న వయొలిన్ విద్వాంసుడు. ఆయన కచేరీలకు మృదంగం వాయించే అతన్నే నేను ప్రేమించాను. మూడేళ్లు మా వసారాలో కూర్చుని నా పాటకు వాయించినవాడు, సాలూరులో బడిపంతులు ఉద్యోగం రాగానే ఇంట్లోవాళ్లు చూసిన పిల్లను చేసుకున్నాడు. నాతో ఒక్క మాట అనలేదు. శుభలేఖ మా నాన్న పేరున వచ్చింది.

కొన్నాళ్లు ఏడ్చాను. తరువాత పాట రాశాను. మొదటి చరణం కలిసి ఉన్న రోజుల గురించి. రెండోది శుభలేఖ చదివిన రోజు గురించి. మూడోది మాత్రం, నీ కోసం కూర్చోను, నా గొంతు నాకుంది, నా దారిన పోతాను అని. బడి వార్షికోత్సవంలో పాడితే, ప్లేట్లు అమ్మే దుకాణదారు ఒకాయన విని మద్రాసు కంపెనీకి ఉత్తరం రాశాడు. వాళ్లు రమ్మన్నారు.

"కీర్తనలు పాడిన నోటితో ఈ పాటేటే? ఎవుల గురించి రాసినావు?" అన్నారు నాన్న.

అబద్ధమాడాలనిపించలేదు. చెప్పేశాను. నాన్న వయొలిన్ పెట్టె మూసి పక్కకు జరిపారు.

"నలుగురూ నవ్వుతారే," అంది అమ్మ.

"నవ్వనీ. మీరు రాపోతే నానొక్కదాన్నే ఎల్తాను."

మద్రాసు మెయిలు ఎక్కే రోజున నాన్న వయొలిన్ పెట్టె పట్టుకుని నాకంటే ముందే గుమ్మం దిగారు.

స్టూడియోలో మేనేజరు పాట విని తల ఊపాడు. "బాగుందమ్మా. మూడో చరణం ఒక్కటే మార్చాలి. జన్మంతా నీకోసం ఎదురుచూస్తానని ముగించండి. జనం కంటతడి పెట్టుకుంటేనే ప్లేటు అమ్ముడుపోతుంది."

"నేను ఎదురుచూడటం లేదండీ."

"పాటే కదమ్మా, నిజంగా చూడక్కర్లేదు."

"పాటలోనైనా చూడను."

ఆయన నాన్న వైపు తిరిగాడు. నాన్న వయొలిన్ కమాను బిగించుకుంటూ తలెత్తకుండానే, "నా కూతురు ఎలా రాసిందో అలాగే పాడతాది. కాదంటే సాయంత్రం బండికి ఎల్లిపోతాం," అన్నారు.

మొదటిసారి రెండో చరణంలో శుభలేఖ మాట దగ్గర ఆగిపోయాను. నీళ్లు తాగి, రెండోసారికి చివరిదాకా పాడాను.

ప్లేటు మా ఊళ్ల టీ హోటళ్ల దాకా వచ్చింది. ఒక మధ్యాహ్నం సాలూరు నుంచి అతను వచ్చి బడి వరండాలో నిలబడి ఉన్నాడు.

"సాలూరులో అందరూ నన్నే సూస్తన్నారు. ఇక మీద సభల్లో ఆ పాట పాడకు," అన్నాడు.

"పాటలో నీ పేరున్నాదా?"

"లేదు. అయినా తెలిసిపోతాది కదా."

"వచ్చే ఆదివారం సాలూరులోనే పాడతన్నాను. లారీలోల్ల సంఘం సభకి పిలిచినారు. వస్తానని సెప్పీసినాను."

అతను వరండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను క్లాసులోకి తిరిగి వచ్చాను. పిల్లలకు ఆగిన చోటి నుంచి పాఠం చెప్పాను.

సాలూరులో మూడు చరణాలూ పాడాను. అతను రాలేదు. సభ ముగిశాక నా ఈడు మనిషి ఒకామె వేదిక పక్కకు వచ్చి, తాను అతని భార్యనని చెప్పుకుంది.

"ఆ పాట ఎవుల గురించో నాకు తెలుసక్కా. పెళ్లికి ముందు నాకెవులూ సెప్పలేదు," అంది.

"నీ మీద నాకే కోపమూ లేదమ్మా."

"నాకూ లేదు. సిన్నప్పుడు సంగీతం నేర్సుకుంతానంటే మా అయ్య పంపలేదు. నువ్వు నేర్పుతావా?"

సొంత ఊళ్లో, అందరి ముందూ నా ఎదుట నిలబడి అడగడానికి ఆమెకు ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు.

"రా. నేర్పుతాను," అన్నాను.

ఆ వేసవి సెలవులన్నీ ఆమె వారానికి రెండుసార్లు బస్సులో విజయనగరం వచ్చింది. ఇంట్లో ఒప్పించి వచ్చిందో, ఎదిరించి వచ్చిందో నేను అడగలేదు. మొదటి రోజున నాన్న ఆమెను చాప మీద కూర్చోబెట్టి, శ్రుతి పెట్టె నా ముందుకు జరిపి, "ఇది నీ శిష్యురాలు. నువ్వే మొదలెట్టు," అన్నారు.